ఊరి చావుల్ని మోసిన తండ్రి: ఎడ్వర్డ్ లించ్ స్మరణలో



ఈ ప్రసంగానికి ధర్మనిధి పెట్టిన కుటుంబంవారు నన్ను పిలిచినప్పుడు ఒకే ఒక్క కోరిక కోరారు. పండితుల గురించీ నాయకుల గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు మాత్రం తన పని తాను చేసుకుంటూ ఇంటినీ ఊరినీ కాచిన మనిషి ఎవరి గురించైనా చెప్పండి అన్నారు. ఆ మాట వినగానే నాకు తట్టిన పేరు ఎడ్వర్డ్ లించ్. ఆయన మన భాషవారు కాదు, మన మతంవారు కాదు. ఐరిష్ మూలాలున్న క్యాథలిక్. ఈ మిషిగన్ రాష్ట్రంలోనే పుట్టి పెరిగి, జీవితమంతా ఇక్కడే ఫ్యూనరల్ డైరెక్టర్‌గా పనిచేశారు. ఎవరింట్లో చావు జరిగినా కబురందగానే వెళ్లడం, దేహాన్ని తీసుకురావడం, శుభ్రం చేసి బట్టలు తొడగడం, బంధుమిత్రులు వచ్చి చూసుకునేలా పడుకోబెట్టడం, చివరికి మట్టికో మంటకో అప్పగించేదాకా ఆ ఇంటివాళ్ల పక్కనే ఉండటం, ఇదీ ఆయన పని. తొమ్మిదిమంది పిల్లల తండ్రి. 1992లో కన్నుమూశారు.

ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసినదంతా ఆయన కొడుకు టామస్ లించ్ రాసిన పుస్తకం వల్లే తెలిసింది. టామస్ కవి, వ్యాసకర్త. తండ్రి వృత్తినే తానూ చేపట్టి, 1974 నుంచి మిల్‌ఫర్డ్‌లో ఫ్యూనరల్ హోమ్ నడిపారు. మన నోవై గుడి నుంచి కారులో ఎంతో దూరం లేదు మిల్‌ఫర్డ్. హ్యూరన్ నది ఒడ్డునున్న చిన్న ఊరు. 1997లో ఆయన తెచ్చిన 'ది అండర్‌టేకింగ్' అనే వ్యాససంపుటికి అమెరికన్ బుక్ అవార్డు వచ్చింది, నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలోనూ నిలిచింది. పదేళ్ల తర్వాత, 2007లో, పీబీఎస్ టెలివిజన్ వాళ్లు అదే పేరుతో ఆ కుటుంబం చేసే పని మీద డాక్యుమెంటరీ తీశారు. మనలో చాలామంది ఆ ఊరి మీదుగా ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. ఆ ఫ్యూనరల్ హోమ్ వైపు తలతిప్పి చూసి ఉండరు. చావుకు సంబంధించిన ఇంటివైపు చూడకుండా నడవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు చేసిన పని కదా.

1936లో ఎడ్వర్డ్‌కు పన్నెండేళ్లు. వాళ్ల పెద్దలది మిషిగన్‌లోని జాక్సన్ పట్టణం. తండ్రికి తోడబుట్టినవాడొకాయన క్యాథలిక్ ప్రీస్టు, పేరు టామస్. ఊపిరితిత్తుల జబ్బు మనిషి; పొడిగాలి పడుతుందని న్యూ మెక్సికో వైపు పంపితే, చిన్న వయసులోనే అక్కడ పోయారు. దేహం రైల్లో సొంత ఊరికి వచ్చింది. ఏర్పాట్లు మాట్లాడటానికి ఎడ్వర్డ్ తండ్రి ఫ్యూనరల్ హోమ్‌కు వెళుతూ పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకెళ్లారు. పెద్దవాళ్లు మాటల్లో ఉండగా వీడు అటూ ఇటూ తిరుగుతూ ఒక గది గుమ్మం దగ్గరికి చేరాడు. లోపల ఇద్దరు మనుషులు కోట్లు తీసేసి ఒట్టి చొక్కాలతో పనిచేస్తున్నారు. బల్లమీద ఉన్నది బాబాయి. పూజకు వేసుకునే వస్త్రాలు ఒక్కొక్కటే తొడుగుతున్నారు. అంతా అయ్యాక చెరోవైపూ నిలబడి, ఆ దేహాన్ని నెమ్మదిగా ఎత్తి పేటికలో పడుకోబెట్టారు.

మామూలుగా ఆ వయసు పిల్లలు అలాంటిది చూస్తే జడుసుకుంటారు. నాలుగు రోజులు జ్వరం వస్తుంది, విభూతి పెట్టించాల్సి వస్తుంది. ఈ పిల్లవాడు జడుసుకోలేదు సరికదా, తాను పెద్దయ్యాక చేయవలసిన పని ఇదేనని అక్కడే నిర్ణయించుకున్నాడు. తర్వాత తన పిల్లలకు ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పుకున్నారట. ఆయన్ని అంతగా పట్టేసినది ఏమిటా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకనిపించేది ఏమంటే, చనిపోయిన మనిషి పట్ల బతికున్నవాళ్లు చూపిన మర్యాద ఆ గదిలో ఆయనకు కంటికి కనబడింది. ఆ ఇద్దరికీ ఆ ప్రీస్టు చుట్టమేమీ కాదు. చూసేవాళ్లు ఎవరూ లేరనే అనుకున్నారు. అయినా నిద్రపోతున్నవాడు లేస్తాడేమో అన్నంత జాగ్రత్తగా ఎత్తారు.

ఆ చనిపోయిన ప్రీస్టు పేరే ఎడ్వర్డ్ తన కొడుక్కి పెట్టుకున్నారు. ఆ కొడుకే కవి అయిన టామస్.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎడ్వర్డ్ మెరైన్‌గా పసిఫిక్ దీవుల్లోనూ, చైనాలోనూ పనిచేసి తిరిగొచ్చారు. రోజ్‌మేరీ ఓహారాను పెళ్లి చేసుకున్నారు. డిట్రాయిట్‌లో ఫ్యూనరల్ డైరెక్టర్ విద్య చదువుకుని లైసెన్సు తీసుకున్నారు. వరసగా తొమ్మిదిమంది పిల్లలు, ఆరుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు.

ఈ దేశంలో ఈ వృత్తి ఎలా పుట్టిందో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో కూడా చావు ఇంటి పనే. ఇంటి ఆడవాళ్లు స్నానం చేయించేవాళ్లు, ముందుగదిలో పడుకోబెట్టేవాళ్లు, ఊళ్లో వడ్రంగి పెట్టె చేసేవాడు, ఇరుగుపొరుగు గొయ్యి తవ్వేవాళ్లు. 1861లో యుద్ధం మొదలయ్యాక ఎక్కడో దక్షిణాదిన చనిపోయిన కొడుకుని ఉత్తరాది తల్లి ఒక్కసారి చూసుకోవాలంటే దేహం చెడకుండా రైల్లో రావాలి. రక్తనాళాల్లోకి మందు ఎక్కించి దేహాన్ని నిలవుంచే ఎంబామింగ్ పద్ధతి అప్పుడు ఊపందుకుంది. 1865లో అబ్రహాం లింకన్ హత్య జరిగినప్పుడు ఆయన దేహాన్ని అలాగే నిలవుంచి, వాషింగ్టన్ నుంచి ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా రైల్లో ఊరూరా ఆపుతూ తీసుకెళ్లారు. లక్షలమంది చూశారు. ఆ తర్వాత సామాన్యులు కూడా తమవాళ్లకు అదే కావాలన్నారు. పెట్టెలు చేసే వడ్రంగులు, కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణదారులు మెల్లగా ఈ పనిలోకి వచ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో చావు ఇంటి ముందుగది దాటి ఫ్యూనరల్ హోమ్‌కు వెళ్లిపోయింది. మన మిషిగన్‌లో అయితే లైసెన్సున్న ఫ్యూనరల్ డైరెక్టర్ ప్రమేయం లేకుండా దహనం గానీ ఖననం గానీ చట్టప్రకారం కుదరదు.

అంటే ఎడ్వర్డ్ లించ్ లాంటివాళ్ల చేతుల్లో ఇంటివాళ్లు తమ పనిని పెట్టారు. ఆ పనిని ఆ మనిషి ఎలా చేశాడన్నదే ఆయన విలువ. కళ్లు మూసి, పెదవులు కలిపి, పాత ఫొటో పక్కన పెట్టుకుని ఆ మనిషి పాపిడి ఎటు తీసేవాడో అటే తీయడం, గడ్డం గీయడం, చేతులు ఒకదానిమీద ఒకటి సహజంగా ఆనేలా సర్దడం, ఇవి మందుల శాస్త్రంలో లేవు. ఆ మనిషిని ఇంటివాళ్లు గుర్తుపట్టాలి, ఇతనే మా నాన్న అనుకోవాలి. టామస్ తన పుస్తకంలో ఒక తోటి వృత్తిదారు సంగతి రాశారు. ఒక ఉన్మాది కొట్టి చంపిన ఆడపిల్ల తలను, ముఖాన్ని ఒకాయన పగలంతా, రాత్రంతా కూర్చుని ముక్కముక్కా కలిపి నిలబెట్టాడు. మామూలుగా అయితే పెట్టె మూసేసి ఊరుకోవచ్చు. తల్లి బిడ్డని చూసుకోవాలంది కనుక ఆయన ఆ పని చేశాడు. చివరికి తల్లి చూసుకున్నది హంతకుడు మిగిల్చిన రూపాన్ని కాదు, తన కూతుర్ని. ఎడ్వర్డ్ లించ్ ఈ వృత్తిని నమ్మింది ఈ అర్థంలోనే.

ఇక తండ్రిగా ఆయన ఎలాంటివారో చెప్పాలి. నాకు అన్నిటికంటే దగ్గరగా తోచింది ఈ భాగమే.

ఆయన భయస్థుడైన తండ్రి. పిల్లల విషయంలో ప్రతిదీ ప్రమాదమే. సైకిల్ ప్రమాదం, ఫుట్‌బాల్ ప్రమాదం, గడ్డికోసే మిషను ప్రమాదం, ఈత ప్రమాదం, అగ్గిపుల్లలు ప్రమాదం, గొంతునొప్పి ప్రమాదం. పక్కింటి పిల్లలందరూ నిశ్చింతగా చేసే పనులన్నీ ఈ ఇంట్లో మాత్రం 'వద్దు'. ఎందుకంటే ఆ పనులన్నిటి చివర ఒక పెట్టె ఉండటం ఆయన కళ్లారా చూశారు. పొద్దున ఒక పిల్లవాడికి కొత్త చొక్కా తొడిగి, చిన్న టై కట్టి, తల్లిదండ్రులకు చూపించి, మధ్యాహ్నం పూడ్చి, సాయంత్రం ఇంటికి వస్తే, అదే వయసు తన కొడుకు చెట్టెక్కి కనిపిస్తాడు. ఆ తండ్రి గుండె ఏమవుతుంది?

రోజ్‌మేరీ దైవభక్తురాలు. పిల్లల్ని కాపాడేది దేవుడు, నువ్వు ఇంత బెంగపెట్టుకోకు అనేది ఆమె స్వభావం. ఆయనా భక్తుడే, ఆదివారం చర్చి తప్పనివారే. కానీ ఆమె చూడనివి ఆయన చూశారు. దేవుణ్ణి నమ్మిన ఇళ్లలో కూడా పిల్లలు పోయారు, ఆ పిల్లల్ని పూడ్చింది తనే. ఆ ఇంట్లో తల్లి ధైర్యం, తండ్రి భయం రెండూ పిల్లల్ని పెంచాయి. వైద్యులకు, పోలీసులకు, అగ్నిమాపకదళం వాళ్లకు పుట్టిన పిల్లలు ఈ మాట వింటే వెంటనే అర్థం చేసుకుంటారు. నాన్న మమ్మల్ని ఎక్కడికీ పోనివ్వడు అని చిన్నప్పుడు విసుక్కున్నది పెద్దయ్యాక ఎంత బరువైన ప్రేమో తెలుస్తుంది. ఈ వృత్తిలో మనుషులు బండబారిపోతారని లోకం అనుకుంటుంది. ఎడ్వర్డ్ లించ్ విషయంలో అది పూర్తిగా అబద్ధం. ఆయన గుండె రోజురోజుకీ మెత్తబడింది. ఎన్ని వందల చావులు చూసినా తన పిల్లల చావు అనే ఊహకు అలవాటు పడలేదు.

అలాంటి తండ్రి దగ్గర పెరిగిన పిల్లలు ఆ వృత్తి నుంచి పారిపోవాలి. పారిపోలేదు. తొమ్మిదిమందిలో చాలామంది అదే పనిలోకి వచ్చారు. 'లించ్ అండ్ సన్స్' అన్న పేరు డిట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో నిలబడింది. అర్ధరాత్రి ఫోన్ మోగితే నాన్న లేచి, నల్ల సూటు, టై వేసుకుని బయల్దేరడం వాళ్లు చూస్తూ పెరిగారు. ఇంట్లో నిద్రపోతున్నవాళ్లను వదిలి ఏడుస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లే మనిషి ఆయన. ఆ వెళ్లడంలో ఉన్న గౌరవం పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పక్కర్లేకపోయింది.

ఈ వృత్తిని తిట్టినవాళ్లూ ఉన్నారు. 1963లో జెస్సికా మిట్‌ఫర్డ్ అనే రచయిత్రి రాసిన 'ది అమెరికన్ వే ఆఫ్ డెత్' దేశాన్ని కుదిపేసింది. దుఃఖంలో ఉన్న మనిషి బేరమాడలేడు. అది చూసి ఖరీదైన పెట్టెలు అంటగడతారు, అక్కర్లేని సేవలకు డబ్బు గుంజుతారు అని ఆమె వివరంగా రాసింది. ఆమె చెప్పినదాంట్లో నిజం చాలా ఉంది. ఆ విమర్శల తర్వాతే 1984లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం వచ్చింది. ఏ సేవకు ఎంతో విడివిడిగా రాసిన ధరల పట్టీ చేతికివ్వాలి, ఫోన్లో అడిగినా ధర చెప్పాలి, కావాల్సినదే కొనుక్కునే హక్కు మనకుండాలి. ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఆ పట్టీ అడిగి తీసుకోవాలని నా మనవి. సిగ్గుపడవద్దు. మంచి ఫ్యూనరల్ డైరెక్టర్లు దానికి ఏమీ అనుకోరు.

కానీ మిట్‌ఫర్డ్‌తో నేను ఏకీభవించలేని చోటు ఒకటుంది. దేహం దగ్గర కూర్చోవడం, చూడటం, మోయడం ఇవన్నీ అక్కర్లేని తతంగమన్నట్టు ఆమె మాటలు ధ్వనిస్తాయి. ఎడ్వర్డ్ లించ్ నమ్మింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఆయన కొడుకు రాసింది కూడా అదే. చనిపోయినవాళ్లకు ఇక ఏదీ పట్టదు. పట్టేది మనకే. ఆ దేహాన్ని మనం దగ్గరుండి సాగనంపితేనే మన కాళ్లు మళ్లీ ఇంటిదారి పడతాయి. ఇది తెలుగువాళ్లకు కొత్త సంగతి కాదు. పాడె కట్టడం, నలుగురు భుజం పట్టడం, దారిలో దింపుడుకళ్లెం దగ్గర దించి చెవిలో పేరుపెట్టి పిలవడం, కుండకు చిల్లులు పెట్టి చితి చుట్టూ తిరగడం, ఇవన్నీ బతికున్నవాళ్ల చేత పని చేయించే ఏర్పాట్లు. ఏడుస్తూ కూర్చోనివ్వవు. లేపి నిలబెడతాయి.

అయితే మన దగ్గర జరిగిన ఒక అన్యాయాన్ని కూడా ఇక్కడ చెప్పకపోతే ఎడ్వర్డ్ లించ్‌కు మనం చేసే నమస్కారం పూర్తి కాదు. అమెరికాలో ఈ పని చేసే మనిషి ఊరి నడిబొడ్డున ఉంటాడు, చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు, ఊరి పెద్దల్లో ఒకడు. మన ఊళ్లలో శవం ముందు డప్పు కొట్టిన చేతిని, గొయ్యి తవ్విన చేతిని, చితి పేర్చి చివరిదాకా కాచిన చేతిని మనం ముట్టుకోలేదు. ఆ కుటుంబాలను ఊరి బయట ఉంచాం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వస్తే రాత్రంతా మేలుకుని కన్నీళ్లు పెట్టుకున్నాం. కాటికాపరిగా మారిన రాజు కోసం ఏడ్చాం. తరతరాలుగా కాటికాపరిగానే ఉన్న మనిషి కోసం ఏడవలేదు. ఆ సీన్లో నటులు పాడే శ్మశానం పద్యాలు గుర్రం జాషువావి. ఆ మహాకవి ఏ వైపు నిలబడి శ్మశానాన్ని చూశాడో, అక్కడ రాజూ పేదా ఎందుకు ఒకటే అన్నాడో మనం పట్టించుకోలేదు, రాగాలకు చప్పట్లు కొట్టి ఊరుకున్నాం.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను.

మా అమ్మ మనవల్ని చూడటానికి ఇక్కడికి వచ్చి, ఇక్కడే పోయింది. జనవరి నెల, బయట మంచు. నేనొక్కదాన్నే కూతుర్ని. నాకు అన్నదమ్ములు లేరు. ఆస్పత్రివాళ్లు ఏ ఫ్యూనరల్ హోమ్‌కు ఫోన్ చేయమంటారు అని అడిగితే నాకు నోట మాట రాలేదు. ఎవరో ఒకరి పేరు చెప్పారు. తెల్లవారకముందే ఒక పెద్దమనిషి సూటు, టైతో వచ్చాడు. వచ్చి ముందు మా అమ్మ మంచం దగ్గరికి వెళ్లి రెండు చేతులూ కట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత మా వైపు తిరిగి, మీ పద్ధతులేమిటో నాకు చెప్పండి, నేను రాసుకుంటాను అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. తల ఏ దిక్కుకు ఉండాలి, ఎవరు స్నానం చేయించాలి, నగలు ఉంచాలా తీయాలా, ఏ పూట కుదరదు, అన్నీ అడిగి రాసుకున్నాడు. 'రాహుకాలం' అన్న మాటను నా చేత రెండుసార్లు చెప్పించుకుని అక్షరం తప్పకుండా రాశాడు. గుండెకు పెట్టిన పేస్‌మేకర్ దహనానికి ముందు తీసేయాల్సి ఉంటుందని, కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ అనుమతి వచ్చేదాకా ఆగాలని కూడా అప్పుడే చెప్పాడు.

మర్నాడు ఫ్యూనరల్ హోమ్‌లో ఒక గది వేడిగా ఉంచాడు. బకెట్లలో గోరువెచ్చని నీళ్లు, తెల్లటి తువ్వాళ్లు పెట్టి, ఎలా పట్టుకుని పక్కకు తిప్పాలో ఒకసారి చూపించి, గుమ్మం బయట నిలబడ్డాడు. నేనూ మా స్నేహితురాళ్లూ కలిసి అమ్మకు పసుపు రాసి స్నానం చేయించాం. ఆమెకు ఇష్టమైన ఆకుపచ్చ గద్వాల చీర కట్టాం. కుచ్చిళ్లు నిలబడటం లేదు. చీర కుచ్చిళ్లు ఎవరు కట్టినా మా అమ్మకు నచ్చేవి కావు, అందుకని విప్పి మళ్లీ కట్టాం. నోట్లో బియ్యం, తులసినీళ్లు వేశాం. దహనశాల దగ్గర, మీట ఎవరు నొక్కుతారు అని ఆయన అడిగాడు. తెనాలి నుంచి ఫోన్లో మా పెదమావయ్య అల్లుడి చేత చేయించమని గట్టిగా చెబుతున్నాడు. నేను నొక్కుతానన్నాను. ఆ పెద్దమనిషి తలూపి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా చెయ్యి వణికింది. ఆయన ఆ మీటను ముట్టుకోలేదు, నా బదులు చేస్తాననలేదు. నేను చేసేదాకా ఆగాడు.

ఎడ్వర్డ్ లించ్ గురించి చదివినప్పుడు ఆ ఆగడం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలిసింది. ఈ వృత్తిలో గొప్పవాళ్లు మన దుఃఖాన్ని మన చేతుల్లోంచి లాక్కోరు. మనకు చేతకానిది మాత్రం వాళ్లు చేస్తారు, చేయగలిగినది మన చేతే చేయిస్తారు. జాక్సన్‌లో గుమ్మం దగ్గర నిలబడి చూసిన పిల్లవాడు యాభై ఏళ్లపాటు మోసుకొచ్చింది ఆ పద్ధతినే. అది ఆయన కొడుకులకు వచ్చింది, వాళ్ల లాంటివాళ్ల ద్వారా నాలాంటిదాని దాకా వచ్చింది.

రోజ్‌మేరీ 1989లో క్యాన్సర్‌తో పోయారు. ఎన్నో కుటుంబాల్లోని భార్యల్ని సాగనంపిన మనిషి తన భార్యను సాగనంపారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు, రెండేళ్ల పైచిలుకు. చలికాలం గడపడానికి ఫ్లోరిడా వెళ్లి అక్కడ గుండెపోటుతో పోయారు. కబురు అందగానే కొడుకులు విమానం ఎక్కారు. టామస్, ఆయన సోదరుడు. తాను పోయాక ఈ పనులన్నీ కొడుకులే చేస్తారని ఆయనకు వాళ్లు ఏనాడో మాట ఇచ్చి ఉన్నారు. ఎప్పుడు, ఏ సందర్భంలో ఇచ్చారో టామస్‌కే గుర్తులేదట. కానీ మాట ఇచ్చారు. దేహాన్ని సిద్ధం చేయడం, బట్టలు తొడగడం, పెట్టె ఎంచడం, పత్రికకు వార్త రాయడం, ప్రీస్టులకు కబురు, పువ్వులు, వచ్చేవాళ్లకు భోజనాలు, ఊరేగింపు, ప్రార్థన, ఖననం, అన్నీ వాళ్లవే.

ఫ్లోరిడాలోని ఫ్యూనరల్ హోమ్‌లో బల్లమీద ఉన్నది నాన్న. ఆ చోట పనిచేసేవాళ్లను పక్కన ఉండమని, కొడుకులిద్దరూ కోట్లు విప్పి పనికి దిగారు. ఆయన దగ్గర నేర్చుకున్న పనిని ఆయనకే చేశారు. మన దగ్గర తలకొరివి పెట్టే కొడుకు చేసే పని కన్నా ఇది ఏ మాత్రం తక్కువ కాదని నా నమ్మకం. మనం నిప్పు పెట్టి వెనక్కి చూడకుండా నడుస్తాం. వాళ్లు గంటలకొద్దీ తండ్రి ముఖం చూస్తూ పనిచేశారు. తర్వాత ఆయన్ని మిషిగన్ తీసుకొచ్చి, తల్లి పోయినప్పుడు నడిచిన తంతే మళ్లీ నడిపారు.

ఆయన మనుమలు కూడా ఈ పనిలోనే ఉన్నారు.

ఇక ఒక్క విన్నపం చేసి సెలవు తీసుకుంటాను. మనవాళ్లు ఈ కౌంటీలో వేలల్లో ఉన్నారు, పెద్దవాళ్లవుతున్నారు, అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉంటున్నారు. చావు వచ్చిన రాత్రి ఫ్యూనరల్ డైరెక్టరుకు మన పద్ధతి చెప్పగలిగే స్థితిలో మనం ఉండం. అందుకే ఈ ఏడాదిలోపు మన తెలుగు సంఘం తరఫున ఒక కాగితం తయారుచేద్దాం. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండాలి. స్నానం ఇంటివాళ్లే చేయిస్తారని, తల దక్షిణానికి పెడతారని, బియ్యం, తులసి, పువ్వులు, గంగాజలం లోపలికి తేనివ్వాలని, కర్పూరం వెలిగించుకోవడానికి ముందే అనుమతి కావాలని, దహనం దగ్గర ఇంటివాళ్లు నిలబడతారని, అస్థికలు ఇండియాకు తీసుకెళ్లాలంటే ఏయే పత్రాలు కావాలో, అన్నీ అందులో రాద్దాం. హిందువులకు ఒకటి, మన తెలుగు క్రైస్తవులకు, ముస్లిములకు వాళ్ల పెద్దల్ని అడిగి మరొకటి. చుట్టుపక్కలున్న ప్రతి ఫ్యూనరల్ హోమ్‌కూ మనమే వెళ్లి చేతికిచ్చి, వాళ్ల అనుమానాలు అడిగి రాసుకుని వద్దాం. మిల్‌ఫర్డ్‌కు నేను వెళతాను. మీట కొడుకే నొక్కాలా అన్న ప్రశ్న ఆ కాగితంలో వస్తే, కొడుకు గానీ కూతురు గానీ అని రాయించే పూచీ కూడా నాదే.